అనుభవం: ఏమీ లేదు

గ్రిమ్స్‌బీలో నవంబరు నెల,
నాలుగింటికే చీకటి.
రేవు మీంచి వచ్చే గాలికి
కాలేజీ కిటికీలు పళ్ళు కొరుకుతున్నాయి.
బోర్డు మీద
నేను తుడవడం మరిచిన వర్గ సమీకరణం.

కీలీ వచ్చి కాగితం ముందు పెట్టింది.
"ఒక్కసారి చూస్తారా, మిస్?"
పేరు. చిరునామా. మార్కులు.
కింద, అనుభవం అన్న మాట పక్కన
'ఏమీ లేదు' అని
నొక్కి నొక్కి రాసింది,
కాగితం తిప్పితే వెనకవైపు వేలికి తగిలేంతగా.

తెలియనిదానికి విలువ కట్టడమే
పంతొమ్మిదేళ్ళుగా నా జీతం.
ఆ రెండు మాటల ముందు
ఒక్క సూత్రమూ గుర్తు రాలేదు.
కామాలు సరిచేశాను.
ఒక స్పెల్లింగు దిద్దాను.
తప్పించుకుంటున్నానని నాకు తెలుస్తూనే ఉంది.

వరండాలో సూటు వేసుకున్న అమ్మాయి పోస్టరు,
'నీ భవిష్యత్తు నీ చేతుల్లో' అని నవ్వుతోంది.
ఒక మూల టేపు ఊడి
ఆ నవ్వు సగం మడత పడింది.

అటుగా డోరీన్ వచ్చింది,
ఆఫీసులో ఫీజు రసీదులు రాసే డోరీన్,
మెడలో తాడుకు కళ్ళజోడు వేలాడుతూ.
కాగితం చదివి, కుర్చీ లాక్కుంది.

"పొద్దున్న ఎక్కణ్ణుంచి వచ్చావమ్మా?"
"పని నుంచి."
"ఏం పని?"
"పనంటే... అదేం కాదు. చేపలు కోస్తాను."
"ఎన్నింటికి లేస్తావు?"
"మూడున్నరకి."
"ఎన్నాళ్ళుగా?"
"రెండేళ్ళు. వారానికి మూడు రోజులే."
"ఎన్నిసార్లు ఆలస్యంగా వెళ్ళావు?"
దొంగతనం అంటగట్టినట్టు తలెత్తింది పిల్ల.
"ఒక్కసారి. అమ్మ పడిపోయిన రోజు.
ముందే ఫోన్ చేసి చెప్పాను."
"కొత్తవాళ్ళకి కత్తి పట్టడం ఎవరు నేర్పుతారు?"

కీలీ తన గోళ్ళ వైపు చూసుకుంది.
"నేనే," అంది,
ఎవరిదో వస్తువు తిరిగి ఇస్తున్నట్టు.

హేడాక్ చేపలోంచి ముళ్ళు తీసినట్టు
ఒక్కో మాటా చిట్లకుండా బయటికి తీసింది డోరీన్.
తీసి, పెన్ను తన చేత్తో పట్టలేదు.
"నువ్వే కొట్టెయ్" అంది.

నేను మనసులో గుణిస్తున్నాను, అలవాటు కొద్దీ.
మూడువందల పైచిలుకు తెల్లవారుజాములు.
అన్నీ నా ఎనిమిదిన్నర క్లాసుకు ముందువే.
చివరి బెంచీలో ఆ పిల్ల కునికినప్పుడు
మార్కరుతో బల్ల మీద టకటకా కొట్టి
అందర్నీ నవ్వించిన రోజులూ
ఆ లెక్కలోనే ఉన్నాయి.

అప్పట్నుంచి బుధవారం సాయంత్రాలు
లెక్కల గది తాళం వెయ్యడం లేదు.
వాచ్‌మన్ గ్యారెత్ మొహం ముడుచుకుని
కంపెనీ పెద్దమనిషిలా కూర్చుంటాడు.
"నీ గురించి చెప్పు" అంటే
తోమాష్ పేరు చెప్పి ఆగిపోతాడు.
"సరే, నీ సైకిలు గురించి చెప్పు" అంటాడు గ్యారెత్.
ఇక వాణ్ణి ఆపడం ఎవరి తరం?
పోయిన వస్తువుల పెట్టెలో దొరికిన నీలం టై
ఇప్పటికి ఏడు మెడలు మారింది.
ఒకడు వేడినీళ్ళలో ఉతికి తెచ్చాడు,
జానెడు కురచైంది.
అయినా కట్టుకుంటున్నారు.

గాలిమరల కంపెనీలో కీలీకి ఆ ఉద్యోగం రాలేదు.
రెండోదీ రాలేదు.
మూడోచోట ఆలస్యాల గురించి అడిగారట,
ఒక్కసారే అని చెప్పి, ఎందుకో కూడా చెప్పిందట.
జవాబు ఇంకా రావాలి.

అన్నీ మేం చక్కబెట్టేస్తామని కాదు.
డోరీన్‌కి ఆ గంటకి జీతం లేదు,
నాకు ఇప్పటికీ సగం ప్రశ్నలు అడగడం రాదు.

ఒకటి మాత్రం,
ఎనిమిదిన్నర క్లాసులో ఎవరైనా కునికితే
బల్ల తట్టను.
గొంతు కాస్త తగ్గించి పాఠం చెబుతాను.
గంట కొట్టాక, అందరూ వెళ్ళాక,
పక్కన కూర్చుని అడుగుతాను,
పొద్దున్న ఎక్కణ్ణుంచి వచ్చావని.